చట్రం తిప్పిన పిల్ల

పద్మశ్రీ కువైట్‌లోని అబూ హలీఫాలో ఒక ఇండియన్ స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి ఫిజిక్స్ చెప్పేది. సొంతూరు అమలాపురం దగ్గర. మనిషి కాస్త కచ్చితం. ప్రయోగం చూపించకుండా పాఠం ముగించడం ఆవిడకి చేతకాదు. లెన్సయినా అయస్కాంతమైనా ముందు పిల్లల చేతుల్లో పెట్టి, ఆ తరవాతే బోర్డు దగ్గరికి వెళ్ళేది. పిల్లలు ఆవిడకి కొంచెం భయపడేవాళ్ళు, చాలా నమ్మేవాళ్ళు.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో, ఫోనుకి యాంటెన్నా ఎక్కడుంటుందని అడిగింది. ఎవరూ చెప్పలేదు. కిటికీ పక్కన కూర్చునే మెహరాజ్ ఒక్కతే, "లోపల యాడో మడిచి పెట్టింటారు మేడం" అంది. పద్మశ్రీకి ఆ మాట తెగ నచ్చింది. ఆ పీరియడంతా పాఠం పక్కన పెట్టి, యాంటెన్నా చిక్కి చిన్నదైపోయిన కథ చెప్పుకొచ్చింది.

"రేడియో కొత్తలో యాంటెన్నా అంటే ఊరి మీద పందిరి వేసినట్టుండేదర్రా. ఎత్తయిన స్తంభాలు, వాటి మధ్య బారులు బారులుగా తీగలు. తీగ ఎంత పొడుగైతే అంత దూరం వినపడుతుందని అందరి నమ్మకం. విచిత్రమేంటంటే, మొట్టమొదట రేడియో తరంగాన్ని పట్టింది మాత్రం ఒక చిన్న తీగ చుట్టే. జర్మనీలో ఒక ప్రయోగశాలలో తీగని గుండ్రంగా వంచి, కొసల మధ్య వెంట్రుకవాసి సందు వదిలారు. ఆ సందులో చిన్న నిప్పురవ్వ మెరిసింది. అంతే. తరవాత దాన్ని పక్కన పడేసి అందరూ స్తంభాలు పాతుకుంటూ పోయారు."

మొదటి ప్రపంచయుద్ధం నాటికి మళ్ళీ ఆ చుట్టు గుర్తొచ్చిందని చెప్పింది. చెక్క చట్రం మీద తీగ చుట్టి, దాన్ని ఇంట్లో కుర్చీ పక్కనే పెట్టుకోవడం మొదలైంది. తరవాత సూట్‌కేసు మూతలో దాచారు. ఆ తరవాత ఇనుప ఆక్సైడ్ పొడిని కాల్చి చేసిన నల్లటి కడ్డీ మీద తీగ చుట్టేసరికి, యాంటెన్నా వేలంత అయి రేడియో లోపలికే వెళ్ళిపోయింది.

"మరి ఇంకా చిన్నగా చేసుకుంటూ పోవచ్చు కదా మేడం?" అని అడిగింది మెహరాజ్.

"పోవచ్చు. కానీ ఊరికే కాదు. ఎంత చిన్నదైతే అంత తక్కువ అందుతుంది. రెండో యుద్ధం అయిన రోజుల్లో కొందరు ఇంజనీర్లు కూర్చుని ఆ లెక్క తేల్చారు. చిన్నదాన్ని చేసి పెద్దదాని పని చెయ్యమంటే ఎక్కడో ఒకచోట నష్టపోక తప్పదు."

సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఇదే చెయ్యాలని ఆ గంటలోనే తీర్మానం అయిపోయింది. బొమ్మలూ చార్టులూ కాదు, వంద ఏళ్ళ కిందటి తీగ చట్రం పనిచేస్తూ ఉండాలి. మెహరాజ్ చేస్తానంది.

మెహరాజ్ తండ్రి అన్వర్ బాషాది రాయచోటి. చాలా ఏళ్ళుగా కువైట్లోనే ఉన్నాడు. అమ్ఘరాలో ఒక బిల్డింగ్ మెటీరియల్ యార్డులో సూపర్‌వైజరు. యార్డులో విరిగిన ప్యాకింగ్ పెట్టెల్లోంచి మంచి పలకలు ఏరి, ఒక శుక్రవారం కూర్చుని చట్రం తయారుచేశాడు. కింద పెట్టెలాంటి పీట, దాని మీద ఇరుసు, ఇరుసు మీద తిరిగే నాలుగు చేతుల చట్రం. తీగ చుట్టింది మెహరాజ్. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, మధ్యలో జారిపోతే మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి, వేళ్ళ కొసలు ఎర్రబడేదాకా చుట్టింది. పద్మశ్రీ ఒక పాత రేడియోలోంచి ట్యూనింగ్ ముక్క తీసి, చిన్న కిట్ రేడియో కలిపి ఇచ్చింది.

మొదటిసారి అన్వర్ బాషా ఫ్లాట్ బాల్కనీలో పెట్టి చూశారు. ముందు బుస్సుమంది. మెహరాజ్ మెల్లగా ట్యూన్ చేస్తే, బుస్సులోంచి ఒక అరబిక్ పాట తేలుతూ పైకొచ్చింది. "ఇప్పుడు తిప్పు" అంది పద్మశ్రీ. చట్రం అంచు స్టేషన్ వైపు ఉన్నంతసేపూ పాట గట్టిగా ఉంది. చట్రం ముఖం అటు తిరిగేసరికి సన్నగిల్లి, సన్నగిల్లి, ఒకచోట పూర్తిగా పోయింది. ఇంకాస్త తిప్పితే మళ్ళీ వచ్చింది. ఆ పిల్ల నవ్వుకుంటూ ఎన్నిసార్లు తిప్పిందో. వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏందే అది, దయ్యం పట్టినట్టు తిప్పుతాండావు" అని తనూ ఒకసారి తిప్పి వెళ్ళింది.

పద్మశ్రీ ఆ సంతోషంలో ఉండి ప్రిన్సిపల్‌తో గట్టిగానే చెప్పింది, ఈసారి మన స్కూలు నుంచి ఎవరూ చూడనిది వస్తోందని. అక్కడితో ఆగలేదు. భర్త రమేష్‌బాబుకి బాబాయి వరసైన భీమరాజుగారు అప్పుడు కువైట్లోనే ఉన్నారు. కాకినాడ మనిషి, ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఫహాహీల్లో కొడుకు దగ్గరికి రెండు మూడు నెలలుండి వెళ్దామని వచ్చారు. ఆయనకి ఫోన్ చేసి మరీ పిలిచింది. "మావయ్యగారూ, మీరు తప్పకుండా రావాలండి. మీ కాలంనాటి వస్తువు, చూద్దురుగాని" అంది.

"వస్తానమ్మాయ్. ఎన్నాళ్ళయిందో చట్రం తిప్పి" అన్నారాయన.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్న చట్రాన్ని స్కూలు హాల్లో బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే బరబరమని శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. హాలంతా ఇనుప రేకుల కప్పు. పైన వరసగా ఎల్ఈడీ లైట్లు, పక్క స్టాళ్ళలో చార్జర్లూ మోటార్లూ, స్టేజీ మీద సౌండ్ సిస్టమ్. అన్నిటి కరెంటు రొదా ఆ చిన్న చట్రంలోకే వచ్చిపడుతోంది, పాట మాత్రం రావడంలేదు. ఆ సంగతి పద్మశ్రీకి ముందే తట్టి ఉండాల్సింది. చిన్న యాంటెన్నాకి అందేదే తక్కువ, దాన్ని రొద ఇట్టే మింగేస్తుందని తనే పాఠం చెప్పింది. అయినా ఒక్కసారైనా హాల్లో పెట్టి చూడలేదు.

కిటికీ దగ్గరికి జరిపారు. ప్లగ్గు మార్చారు. బయట వరండాలో పెడదామంటే అక్కడ పదో తరగతి వాళ్ళ నీటి ప్రాజెక్టు. మెహరాజ్ మాటిమాటికీ ట్యూన్ చేస్తోంది. మధ్యాహ్నం జడ్జీలు వస్తారని ప్రిన్సిపల్ ఒకసారి వచ్చి గుర్తుచేసి వెళ్ళింది.

"నువ్వెళ్ళి అన్నం తినిరా. నేను చూస్తాను" అని పిల్లని పంపేసింది పద్మశ్రీ.

అప్పుడు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు ఉంది. భర్త బర్త్‌డేకి కొనిచ్చినది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదని తరవాత చాలాసార్లు అనుకుంది. అది నిజం కాదని కూడా ఆవిడకి తెలుసు. పీట కింద పెట్టెలో స్పీకరు పెట్టి, రుమాలు అడ్డం పెట్టింది. ఫోనులో ఇంటర్నెట్ ద్వారా అదే స్టేషన్ పట్టింది. పాట వచ్చింది. స్టేషనూ అదే, పాటా అదే. వచ్చే దారి ఒక్కటే వేరు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకుంటూనే అటూ ఇటూ చూసింది, ఎవరైనా చూశారేమోనని.

మెహరాజ్ వచ్చేసరికి రేడియో పాడుతోంది. ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎట్ల మేడం?"

"వైరు ఒకటి వదులైంది. బిగించాను."

మెహరాజ్ మొహం అలా వెలిగిపోతుందని పద్మశ్రీ అనుకోలేదు. తల తిప్పుకుని చార్టు సర్దుతున్నట్టు నటిస్తూ, "చూడు, టైము తక్కువ. చట్రం తిప్పి చూపించడం వద్దులే. చరిత్ర చెప్పెయ్, పాట వినిపించు, చాలు" అంది.

"తిప్పకుంటే ఎట్ల మేడం? అదే గదా..."

"చెప్పాను కదా. యల్లా, పద, చార్టు పట్టుకో."

జడ్జీలు వేరే స్కూలు నుంచి వచ్చిన ఇద్దరు. మెహరాజ్ చక్కగా చెప్పింది. నిప్పురవ్వ నుంచి మొదలుపెట్టి, స్తంభాలు, చట్రాలు, సూట్‌కేసు మూత, నల్ల కడ్డీ అన్నీ వరసగా చెప్పి, చివర్లో పాట వినిపించింది. జడ్జీలు తలలూపి రాసుకున్నారు. వాళ్ళు కదలబోతున్నారు. అప్పుడు వాళ్ళ వెనకాల నిలబడి ఉన్న భీమరాజుగారు ముందుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పాత కళ్ళజోడు డబ్బా. ఆయన ఎప్పుడు వచ్చారో పద్మశ్రీ చూడనేలేదు.

"బాగా చెప్పేవమ్మా. ఓసారి తిప్పు మరి, వింటాను" అన్నారు.

మెహరాజ్ పద్మశ్రీ వైపు చూసింది. పద్మశ్రీకి వద్దనడానికి నోరు రాలేదు. పిల్ల చట్రం పట్టుకుని మెల్లగా తిప్పింది. పాట అలాగే ఉంది. ఇంకా తిప్పింది. ముఖం అటు తిరిగింది, ఇటు తిరిగింది, చుట్టూ ఒక తిరుగుడు తిరిగి మొదటికి వచ్చింది. పాట ఇసుమంత కూడా తగ్గలేదు. భీమరాజుగారు చెవి దగ్గరగా పెట్టి వింటున్నారు. జడ్జీలు ఆగి చూస్తున్నారు.

మెహరాజ్ ఇంకొకసారి పద్మశ్రీ మొహంలోకి చూసింది. తరవాత ఆయన వైపు తిరిగి, "తగ్గింది సార్. కొంచెం తగ్గింది. ఇక్కడ గలాటా ఎక్కువుంది, అందుకే సరిగా తెలీలే" అంది.

ఆయన చూపు పీట కింద పెట్టె మీదికి వెళ్ళింది, అక్కణ్ణించి పద్మశ్రీ మీదికి వచ్చింది. కోపంగా లేదు. ఆవిడకి అదే భరించడం కష్టమైంది. ఆయన కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టుకున్నారు.

"ఆఁ, తగ్గిందమ్మా. తగ్గింది" అని పిల్ల తలమీద చెయ్యేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం మెహరాజ్‌కి మొదటి బహుమతి వచ్చింది. సాల్మియాలో జరిగే పెద్ద పోటీకి స్కూలు తరఫున పంపుతామని ప్రిన్సిపల్ స్టేజీ మీదే చెప్పింది. ఫొటో తీస్తుంటే పద్మశ్రీ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. ఆ ఫొటో స్కూలు గ్రూపులో వచ్చింది. అందరూ అభినందనలు పెడుతుంటే ఫోను బోర్లించి పెట్టేసింది. హాలు ఖాళీ అయ్యాక పెట్టెలోంచి స్పీకరు తీస్తుంటే, తన పుట్టినరోజు బహుమతిని తనే దొంగిలిస్తున్నట్టు అనిపించింది.

ఆ వారమంతా భీమరాజుగారు ఫోన్ చేస్తారని భయపడింది. ఆయన చెయ్యలేదు. చెయ్యకపోయేసరికి ఇంకా భయమేసింది. తొమ్మిదో తరగతిలోకి వెళ్తే కిటికీ వైపు చూడలేకపోయేది. పాఠం బోర్డుకే చెప్పి వచ్చేసేది. మెహరాజ్ చెయ్యెత్తడం మానేసిందో, ఎత్తినా తనే చూడటం లేదో.

"బాబాయి వచ్చే వారం వెళ్ళిపోతున్నారు. శుక్రవారం వెళ్ళి చూసొద్దామా?" అన్నాడు రమేష్‌బాబు. ఆవిడ తలనొప్పి అంది. మళ్ళీ తనే, "నేనొక్కదాన్నే వెళ్తాను. దింపండి" అంది.

ఫహాహీల్లో సముద్రం ఒడ్డున నడుస్తున్నారు భీమరాజుగారు. పొద్దున్నే కాబట్టి ఎండ ఇంకా ముదరలేదు. పద్మశ్రీ ఆయన పక్కన కాసేపు ఊరికే నడిచింది. కొడుకు పిల్లల సంగతీ, టికెట్టు సంగతీ ఆయనే చెప్పుకొచ్చారు. చివరికి ఆవిడ ఆగిపోయింది.

"మావయ్యగారూ, నేను ఆ రోజు..."

"తెలుసమ్మాయ్. విన్నాను కదా."

"పని చేసిందండి అది. వాళ్ళింట్లో చేసింది. నేను చూసేను. హాల్లో రాలేదండి, అందుకని..."

చెబుతుంటేనే ఆ మాటలు ఎంత నీచంగా ఉన్నాయో తెలిసిపోయింది. ఆపేసింది.

భీమరాజుగారు గట్టు మీద కూర్చున్నారు. "ఓడలో దారి కనుక్కోడానికి చట్రమే తిప్పేవాళ్ళం" అన్నారు. "గట్టిగా వినపడే చోటు పట్టుకుంటే దిక్కు సరిగా తేలదు. ఆగిపోయే చోటు పట్టుకోవాలి. నా ఉద్యోగమంతా అదేనమ్మా. ఆగిపోయింది అంటే ఆగిపోయినట్టే, కెప్టెన్ దాన్నిబట్టి ఓడ తిప్పుతాడు. వినపడకపోతే వినపడలేదని చెప్పేవాణ్ణి, ఊహించి ఎప్పుడూ చెప్పలేదు. అలాంటిది మొన్న ఆ పిల్ల ముందు తగ్గిందని చెప్పేను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు నాకు."

"నా మూలాన మీరు..."

"నీ మూలాన కాదు. ఆ పిల్ల మొహం చూసి అన్నాను. తప్పు చేసేనేమో. అక్కడే తగ్గలేదమ్మా అనుంటే ఓ మాట పడేదేమో గానీ, తను విన్నది నిజమేనని తెలిసేది దానికి. ఇప్పుడు పాపం, తన చెవుల్ని తనే నమ్మక ఎంత సతమతమవుతుందో."

పద్మశ్రీకి ఆ ఆలోచనే రాలేదు. ఇన్ని రోజులూ తన పరువు గురించి, ఈయన తన గురించి ఏమనుకుంటారోనన్నదాని గురించే కుమిలిపోయింది. ఆ పిల్ల వైపు నుంచి ఒక్కసారీ చూడలేదు. అది తెలిసేసరికి సిగ్గు ఇంకా లోతుకి దిగింది.

"ఏం చెయ్యమంటారండి?"

"నన్నడక్కమ్మా. నాకే తెలీటంలేదు" అని ఆయన లేచారు.

ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. టాక్సీ పట్టుకుని అబూ హలీఫాలో అన్వర్ బాషా ఇంటికి వెళ్ళింది. ఆయన శుక్రవారం నమాజుకి తయారవుతున్నాడు. టీచరమ్మ చెప్పకుండా వచ్చేసరికి కంగారుపడి, భార్యకి చాయ్ పెట్టమని కేకేసి, కుర్చీ తుడిచి వేశాడు. మెహరాజ్ లోపలి గదిలోంచి వచ్చి గోడవార నిలబడింది.

పద్మశ్రీ నిలబడే చెప్పింది. స్పీకరు గురించి, పెట్టె గురించి, వైరు బిగించానన్న మాట గురించి. ఎక్కడా సర్దిచెప్పుకోకుండా చెప్పాలనుకుంది. అన్వర్ బాషా మొదట అర్థంకానట్టు చూసి, అర్థమయ్యాక నవ్వేశాడు.

"దీనికోసరమా మేడం ఇంత దూరం వచ్చినారు? మా ఇంట్లో పాడింది గదా అది. నేను ఇన్న్యా, మా ఆడమనిషి ఇనింది. మీరేమన్నా పాపకు చెడుపు చేసినారా? ప్రైజ్ వచ్చింది, ఫోటో మా అత్తకు గూడా పంపిచ్చినా. ఖలాస్ మేడం, ఇంగ దాని గురించి ఎవురికీ చెప్పొద్దు."

ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి. ఆయన చేసిన చట్రంలోనే ఆ స్పీకరు దాచింది, ఆయనేమో తనని ఓదారుస్తున్నాడు.

"మెహరాజ్" అంది పద్మశ్రీ. "ఆ రోజు నువ్వు తగ్గిందని చెప్పావు. అది తగ్గలేదమ్మా. నీ చెవుల్లో తప్పేం లేదు. నువ్వు విన్నదే నిజం."

"నాకు తెలుసు మేడం" అంది మెహరాజ్.

"తెలుసా?"

"అస్సలు తగ్గలేదు. మొదటి తిరుగుడులోనే తెలిసిపోయింది. పాట పెట్టెలోంచి వస్తాంది అని గూడా తెలిసింది, చెయ్యి పెట్టింటే అదురుతా ఉండింది."

"మరి ఎందుకమ్మా తగ్గిందన్నావు?"

ఆ పిల్ల తండ్రి వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూసింది. "మీరు నా పక్కే చూస్తా ఉన్న్యారు" అంది.

వాళ్ళమ్మ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పద్మశ్రీ కప్పు తీసుకుంది కానీ తాగలేకపోయింది. హాల్లో ఆ క్షణాన తన మొహం ఎలా ఉండి ఉంటుందో, ఎంత బతిమాలుతూ ఉంటే ఆ పిల్ల అలా అనేసి ఉంటుందో, ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"సాల్మియాకి పంపవద్దని ప్రిన్సిపల్ మేడంకి చెప్తాను. కారణం కూడా చెప్తాను. నీ తప్పేం లేదని చెప్తాను" అంది చివరికి.

"యాల మేడం అదంతా" అని అన్వర్ బాషా అడ్డంరాబోయాడు. "చెప్పనీలే నాయనా" అంది మెహరాజ్. అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం స్కూలు తెరవగానే పద్మశ్రీ ప్రిన్సిపల్ గదికి వెళ్ళింది. ఆవిడ మలయాళీ, పెద్దమనిషి, ఇంగ్లిష్‌లో నెమ్మదిగా మాట్లాడేది. అంతా విని చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తరవాత, సాంకేతిక కారణాల వల్ల మన ఎంట్రీ వెనక్కి తీసుకుంటున్నామని రాద్దాం అంది. రెండో బహుమతి వచ్చిన ప్రాజెక్టుని పంపుదాం, ఈ మాట ఈ గది దాటనక్కర్లేదు అంది. స్కూలు పేరు, తల్లిదండ్రులు, మళ్ళీ అడ్మిషన్ల సీజను. ఆవిడ చెప్పినవన్నీ నిజమే.

"సైన్స్ క్లబ్ ఈ ఏడాదికి వేరే వాళ్ళకి ఇద్దాం, పద్మశ్రీ. నువ్వు కాస్త రెస్ట్ తీసుకో" అని కూడా అంది.

పద్మశ్రీ సరేనంది. మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికవుతుందనుకుంది, కాలేదు. సాంకేతిక కారణాలు అన్నమాట చెవిలోనే ఉండిపోయింది. నోటీసులో పిల్లలు అదే చదువుతారు. మెహరాజ్ చట్రమే సరిగా లేదని, అందుకే తీసేశారని అనుకుంటారు.

తొమ్మిదో తరగతి పీరియడ్ ఆ రోజు చివరిది. లోపలికి వెళ్ళి అటెండెన్స్ తీసుకుని, పుస్తకాలు తెరవబోతున్న పిల్లల్ని ఆగమంది. ప్రిన్సిపల్ వద్దన్న మాట గుర్తుంది. చేతులు బల్ల అంచుకి ఆనించి పట్టుకుంది.

"ఎగ్జిబిషన్‌లో మెహరాజ్ చేసిన యాంటెన్నా సరిగానే ఉంది. హాల్లో రొద వల్ల అది పనిచెయ్యలేదు. నేను కింద స్పీకరు పెట్టి పనిచేస్తున్నట్టు చూపించాను. అది మోసం. మెహరాజ్‌కి అందులో ఏ సంబంధం లేదు. అందుకే ప్రాజెక్టు వెనక్కి తీసుకున్నారు."

అంతకన్నా చెప్పలేకపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, పక్కవాళ్ళు మోచేత్తో పొడిచారు. ముందు వరసలో ఉన్న అమ్మాయి ఆవిడ కళ్ళలోకి చూడలేక పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఏ క్లాసూ ఆవిడ ముందు అంత నిశ్శబ్దంగా కూర్చోలేదు. అది గౌరవంతో వచ్చిన నిశ్శబ్దం కాదని ఆవిడకి తెలుసు. బోర్డు వైపు తిరిగి, కాంతి వక్రీభవనం అని రాసింది.

విషయం బయటికి పాకింది. స్టాఫ్ రూంలో ఆవిడ వచ్చేసరికి మాటలు మారేవి. ఇద్దరు తల్లిదండ్రులు ప్రిన్సిపల్‌కి మెయిల్ పెట్టారని విన్నది. ప్రిన్సిపల్ ఇంకేమీ అనలేదు గానీ, పలకరింపుగా నవ్వడం మానేసింది. భీమరాజుగారు వెళ్ళేముందు ఫోన్ చేశారు. పిల్లకి చెప్పానండి అంటే, "మంచిది" అన్నారు. మళ్ళీ, "నా మాట కూడా చెప్పేవా? తగ్గలేదని నాకూ తెలుసని?" అని అడిగారు. చెప్పలేదంది. "చెప్పమ్మా. మర్చిపోకు" అని పెట్టేశారు. ఆ మాట మర్నాడే చెప్పింది. మెహరాజ్ విని, "ఆ తాత మంచోడే" అంది.

నెల గడిచింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూం గుమ్మంలో మెహరాజ్ నిలబడి ఉంది, చేతిలో నోట్సు. ఎగ్జిబిషన్ తరవాత ఆ పిల్ల తనంతట తను దగ్గరికి రావడం అదే మొదటిసారి. పద్మశ్రీ గబగబా పక్క కుర్చీ లాగింది.

"నీళ్ళలో ఉండే గాజు కటకం గురించి మేడం. నీళ్ళలో దాని ఫోకస్ దూరం పెరుగుతుందా, తగ్గుతుందా?"

"పెరుగుతుంది" అని బొమ్మ వేసి చూపించింది పద్మశ్రీ. గాలిలో కిరణం ఎంత వంగుతుందో, నీళ్ళలో ఎందుకు తక్కువ వంగుతుందో విడమరిచి చెప్పింది. మునుపు చెప్పినట్టే, ఎక్కడా తొందరపడకుండా చెప్పింది. మెహరాజ్ బొమ్మని తన నోట్సులోకి ఎక్కించుకుంది. అర్థమైందా అంటే తలూపింది.

లేచి నిలబడ్డాక కూడా ఆ పిల్ల కదల్లేదు. ఏదో అనాలా వద్దా అని తటపటాయించింది.

"ల్యాబ్‌లో నీళ్ళతొట్టి ఉండాది గదా మేడం. నేను ఒకసారి పెట్టి చూసుకోవచ్చా?"

"చూసుకో" అంది పద్మశ్రీ. "తాళం అటెండర్ దగ్గర ఉంటుంది."

తను కూడా వస్తాననబోయి ఆగిపోయింది. మెహరాజ్ నోట్సు చంకలో పెట్టుకుని వరండా వెంట ల్యాబ్ వైపు వెళ్ళింది. పద్మశ్రీ ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూసి, దిద్దాల్సిన పేపర్ల కట్ట ముందుకి లాక్కుంది.